ఒక్కసారే చెప్పాలి

కుళాయి ఆగింది. అతను స్టూలు మీద నుంచి లేవలేదు. ఆగిన కుళాయి మళ్ళీ తిరుగుతుందని అతనికి తెలుసు. తిరిగింది. తెల్లవారిన దగ్గర్నుంచి ఇది నాలుగోసారి. స్నానాలగది తలుపు కింది సందులోంచి సబ్బునీళ్ళు సన్నగా పాకి వచ్చి అతని కాలి బొటనవేలిని తాకాయి. కాలు వెనక్కి తీసుకుని స్టూలు పట్టీ మీద పెట్టుకున్నాడు.

వంటింట్లో భార్య గుడ్లు ఉడకబెడుతోంది. గిన్నె దించినా, మూత పెట్టినా చప్పుడు రాదు. నాలుగేళ్ళలో ఆ ఇంటి సామానంతా పిల్లి నడకలు నేర్చుకుంది.

"నాన్నా." తలుపు అవతల నుంచి పెద్దకూతురు.

"ఇక్కడే ఉన్నానమ్మా."

"మోచేతుల దాకా కడిగాను. సరిగ్గా కడిగానా?"

తలుపు వేసి ఉంది. చూసే వీల్లేదు. అయినా చెప్పాలి. "కడిగావు."

"వేళ్ళ సందులు?"

"అవీ కడిగావు."

కుళాయి ఒకసారి తిరిగి ఆగింది. తర్వాత గొంతు కొంచెం పైకి లేచింది. "ఇందాక అన్నట్టు అనలేదు నువ్వు. మనసులో ఇంకేదో పెట్టుకుని అన్నావు. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. గొంతులో విసుగు లేకుండా, నిద్ర లేకుండా, మరీ మెత్తగా కూడా లేకుండా చెప్పాలి. మరీ మెత్తగా చెబితే జాలిపడుతున్నావంటుంది. అలా చెప్పడానికి ఎంత నేర్పు కావాలో చెప్పుకోవడానికి అతనికి ఎవరూ లేరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

డాక్టరు గారు ఇలా చెప్పొద్దన్నారు. "అమ్మాయి అడిగినప్పుడు ఒక్కసారే జవాబు చెప్పండి. రెండోసారి అడిగితే చెప్పాను కదా అని ఊరుకోండి. దురద పుట్టిన చోట గోకితే హాయిగానే ఉంటుంది. గోకినకొద్దీ పుండవుతుంది. మీ జవాబు ఆ గోకుడు లాంటిదే." ఆ గదిలో కుర్చీల్లో కూర్చున్నప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ బుద్ధిగా తల ఊపారు. ఇంటికొచ్చాక మాట వేరు. గోడకవతల పక్కింటివాళ్ళు నిద్రపోతుంటారు. జవాబు రాకపోతే తలుపు మీద మొదట అరచెయ్యి పడుతుంది, తర్వాత పిడికిలి, తర్వాత నుదురు.

ఆ పొద్దున అతను పదకొండు సార్లు చెప్పాడు.

పెద్దదానికి పదిహేనేళ్ళు. పదకొండో ఏట మొదలైంది. పలక కడిగినట్టు చేతులు కడుక్కుంటోందని మొదట్లో ముచ్చటపడ్డారు కూడా. ఇంత శుభ్రం ఎవరి నుంచి వచ్చిందే అని భార్య నవ్వేది. ఎవరి నుంచి వచ్చిందో అతనికి తెలుసు. అతని చిన్నప్పుడు తల్లి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేది. ఒక్కో రోజు మూడుసార్లు. చాదస్తం అనేవాళ్ళు ఇంట్లో. అందరూ నవ్వేవాళ్ళు, అతనూ నవ్వేవాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఆమె మొహం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని ఇప్పుడు ప్రయత్నిస్తాడు. గుర్తు రాదు. అతను చూసిందల్లా ఆమె వీపే.

చిన్నకూతురు పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకుని వంటింటి తొట్టి దగ్గర నిలబడింది. స్నానాలగది ఖాళీ అవుతుందని ఆ పిల్ల ఎదురుచూడటం మానేసి చాలా రోజులైంది. తొమ్మిదేళ్ళు. ఎడమ కనుబొమ మీద ప్లాస్టరు. దాని కింద నాలుగు కుట్లు. ఈ రోజు సాయంత్రం నాలుగున్నర బస్సుకి ఆ పిల్ల పెద్దమ్మతో వెళ్ళిపోతుంది. బట్టల సంచీ నిన్ననే సర్దారు.

కుట్లు పడ్డది పోయిన మంగళవారం. బడి నుంచి వస్తూనే చిన్నది దండెం మీది అక్క తువ్వాలుకి భుజం తగిలించింది. అంతే. పెద్దది అరిచింది. గ్లాసు తీసి గోడకేసి కొట్టింది. గోడకే, చెల్లిని కాదు. బూటు లేసు విప్పుకుంటూ వంగి ఉన్న చిన్నది అదే క్షణంలో తలెత్తింది, ఎగిరిన గాజుపెంకు కనుబొమ చీల్చింది. రక్తం చూసి చిన్నది ఏడవలేదు. పెద్దదే నేల మీద పడి పొర్లి ఏడ్చింది. ఆ రాత్రి చేతుల చర్మం పగిలేదాకా కడుక్కుంది.

ఆ కడుక్కోవడమంతా ఎందుకో పెద్దది మొదటి రెండేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. డాక్టరు గారి గదిలో ఒకరోజు నేల చూస్తూ చెప్పింది. "నేను సరిగ్గా కడుక్కోకపోతే చెల్లి చచ్చిపోతుంది." ఆ మాట విన్నప్పుడు భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

భార్య అక్కగారే అడిగింది. మంగళవారం సంగతి ఫోన్లో విని, "ఒక ఏడాది నా దగ్గర ఉంచండి. ఇక్కడా బడి ఉంది, పిల్లలున్నారు. దాని బతుకు అది బతకనివ్వండి" అంది. నీకేమనిపిస్తోందని భార్య అతన్ని అడిగింది. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టినట్టవుతుందేమో అన్నాడు. "ఇప్పుడు పెడుతున్నదేమిటి మరి? చిన్నదాని కంట ఏం పెడుతున్నాం?" అంది భార్య.

పెద్దదానికి నిన్న సాయంత్రం చెప్పారు. కూర్చుని విని, "ఏ సీట్లో కూర్చుంటుంది?" అని మాత్రం అడిగింది.

*

కళ్ళద్దాల షాపులో అతని చోటు వెనకాల. ముందు గదిలో అద్దాల బీరువాలు, వెలుగులు, ఫ్రేములు పెట్టుకుని వయ్యారంగా తల తిప్పి చూసుకునే మనుషులు. తెర తీసుకుని లోపలికొస్తే కిటికీ పక్కన బల్ల, అరగదీసే చక్రం, చక్రం మీద బొట్టుబొట్టుగా నీళ్ళు జార్చే సన్నని గొట్టం. పదిహేడో ఏట వచ్చి ఆ బల్ల ముందు కూర్చున్నాడు. ఇరవయ్యారేళ్ళయింది. అందరూ అద్దాలాయన అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు.

గుండ్రని అద్దం తీసుకుంటాడు. మధ్య బిందువు ఎక్కడుందో యంత్రంలో చూసి మూడు చుక్కలు పెడతాడు. ఫ్రేము ఆకారానికి గీత గీసి, చక్రం మీద ఆనించి, వేళ్ళతో తిప్పుతూ అంచు అరగదీస్తాడు. తెల్లని బురద వేళ్ళ మీదుగా మణికట్టుకి దిగుతుంది. బిందువు వెంట్రుకవాసి పక్కకి పోయినా పెట్టుకున్నవాళ్ళకి తల తిరుగుతుంది. ఆ వెంట్రుకవాసి అతనికి కంటికన్నా వేళ్ళకే ముందు తెలుస్తుంది. అతని కుడి బొటనవేలికి గీతలు లేవు, అరిగిపోయాయి. బ్యాంకులో వేలిముద్ర పడక తిప్పి పంపితే యజమాని చాలారోజులు నవ్వాడు. "రేపు నువ్వేదైనా నేరం చేసినా పట్టుకోలేర్రా బాబూ" అన్నాడు.

షాపులో అతనికి హాయి. ఇక్కడ ఏదైనా ఒకసారి సరిగ్గా చేస్తే సరిగ్గా చేసినట్టే. మళ్ళీ ఎవరూ అడగరు.

పదకొండు గంటలకి ఒక కుట్టుపనావిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. నిన్న సాయంత్రం ఇచ్చిన అద్దాలు ముక్కు మీద నిలబడటం లేదంది. అతను ముందు గదిలోకి వచ్చి ఆమె ఎదురుగా వంగి, ముక్కు పట్టీలు కొంచెం లోపలికి వంచి, చెవుల వెనక కమ్మీ వేడిచేసి దిగవంచాడు. ఆమె పెట్టుకుని మొదట చూసుకున్నది అద్దంలో మొహం కాదు, తన చేతులు. వేళ్ళు విప్పి ఇటూ అటూ తిప్పుకుంది.

"ఇన్ని గీతలున్నాయా నాకు" అంది. తర్వాత అతని వంక చూసి, "ఎంతమంది పిల్లలు నాయనా?"

"ఇద్దరమ్మా. ఆడపిల్లలు."

"ఇల్లు సందడిగా ఉంటుందన్నమాట."

అతను తల ఊపాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పేవేళకి ఒక అద్దం విరిచాడు. అంచు దాదాపు అయిపోయింది, ఆఖరి తిప్పులో కిర్రుమని మూల ఎగిరింది. అతని చేతిలో అద్దం విరిగి ఎన్నేళ్ళయిందో యజమానికీ గుర్తులేదు. తెర తీసి చూసి, వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. యజమాని మంచివాడే. ఇంట్లో సంగతి పైపైన తెలుసు.

"మూడింటికి పోతానన్నావు కదా. ఇప్పుడే పో."

"ఈ ఒక్క జతా అయ్యాక వెళ్తానండి."

"నేనొక మాట చెబితే ఏమీ అనుకోవు కదా." యజమాని గొంతు తగ్గించాడు. "నువ్వు మెత్తన. పిల్లకి అది అలుసైపోయింది. మా ఇంట్లో అయితే ఒకరోజు గట్టిగా రెండు తగిలిస్తే దారికొచ్చేది. ఒకదాని కోసం ఇంకోదాన్ని ఇల్లు దాటిస్తావా?"

అతను చక్రం మీది బురద గుడ్డతో తుడిచాడు. "జబ్బండీ అది" అన్నాడు.

"జబ్బే. కాదన్నానా."

తగిలించడం కూడా అయింది. ఆ మాట యజమానికి చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం. ఆ రోజు పెద్దది గంటన్నర సేపు తల్లిని కదలనివ్వలేదు. గుమ్మం ఎడమకాలితో దాటావు, వెనక్కి వెళ్ళి మళ్ళీ దాటు అంటూ. తల్లి పద్నాలుగుసార్లు దాటింది. పదిహేనోసారి కూలబడింది. పెద్దది తల్లి జుట్టు పట్టుకుని లేపబోయింది. అప్పుడు అతను కొట్టాడు, చెంప మీద. అప్పటికి ఇరవై నాలుగేళ్ళుగా వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి అది. పిల్ల చెంప పట్టుకుని, ఏడవకుండా, కళ్ళు పెద్దవి చేసి అతన్ని చూసింది. ఆ తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "ఏ చేత్తో కొట్టావు నాన్నా? కడుక్కున్నావా?"

ఆ ప్రశ్నకి అతను ఇంతవరకూ జవాబు చెప్పలేదు. అదొక్కటే పిల్ల రెండోసారి అడగని ప్రశ్న.

*

మూడున్నరకి ఇల్లు చేరాడు. వాళ్ళది మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద చిన్నది కూర్చుని ఉంది. ఒళ్ళో లెక్కల పుస్తకం, పక్కన బట్టల సంచీ. ఇంట్లో గాలి మారగానే పుస్తకం తీసుకుని ఆ మెట్టు మీదికి రావడం ఆ పిల్ల తనంతట తను నేర్చుకుంది. ఎవరూ చెప్పలేదు. గొడవ ఎప్పుడు ముదురుతుందో, ఎప్పుడు తగ్గుతుందో తల్లిదండ్రుల కన్నా దానికే బాగా తెలుసు.

"పైన ఉరుములు నాన్నా. వాన ఇంకా పడలేదు" అంది తలెత్తకుండా.

"పెద్దమ్మ వచ్చిందా?"

"బస్టాండులోనే ఉంటానంది. పైకి వస్తే అక్కకి ఇంకా కష్టం కదా."

"నీ సంచీ ఇక్కడికెలా వచ్చింది?"

"అమ్మ అందించింది. అక్క అందులో బట్టలన్నీ తీసి మళ్ళీ ఉతకాలంటోంది. బస్సులో అందరివీ అంటుకుంటాయంట."

అతను పిల్ల తల మీద చెయ్యి వేయబోయి, చేతికి ఇంకా అద్దాల బురద ఉందేమోనని చూసుకుని, వేశాడు.

తలుపు తీసేసరికి కిటికీ పరదా నేల మీద ఉంది. దానితో పాటు ఊడిన కమ్మీ. భార్య గోడకి ఆనుకుని నిలబడి కుడి మణికట్టు తడిగుడ్డతో అదుముకుంటోంది. గుడ్డ మీద ఎరుపు. పెద్దది గది మధ్యలో ఉంది. సన్నటి పిల్ల. మోచేతుల కింద చర్మం ఉడికినట్టు కంది, మెటికల దగ్గర బీటలు వారి ఉంది. ఊపిరి ఎగబీలుస్తోంది.

"సంచీ ఎక్కడ? అందరూ కలిసి దాచేశారు. మీకెవరికీ దానిమీద ప్రేమ లేదు. దానికేమన్నా అయితే? ఏమన్నా అయితే నేనేం చెయ్యాలి?"

అతను చెప్పులు విడిచి, గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. వాదించవద్దు, పట్టుకోవద్దు, దగ్గరగా కూర్చోండి అన్నారు డాక్టరు గారు. కూర్చున్నాడు. ఒక బూటు వచ్చి అతని భుజానికి తగిలి పడింది. రెండోది తగల్లేదు. పుస్తకాల అర ఊగింది, పడలేదు. పిల్ల నోటి నుంచి ఏ పదిహేనేళ్ళ పిల్లా తండ్రిని అనకూడని మాటలు వచ్చాయి. వాటిని వినీ విననట్టు కూర్చోవడం కూడా అతనికి అలవాటే. కానీ ఆ మాటల మధ్యలో ఎక్కడో "నాన్నా, ఆపు నాన్నా, నన్ను ఆపు" అని ఒకటి వస్తుంది. అది మాత్రం అలవాటు కాలేదు.

చివరికి స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి తిరిగింది.

భార్య గుడ్డ తీసి చూసుకుంది. పంటి గాట్లు అర్ధచంద్రంలా ఉన్నాయి. "నాలుగైంది" అంది. "నేను రాలేను. దీన్ని ఒంటరిగా వదిలి ఎలా వస్తాను? నువ్వే ఎక్కించు."

చిన్నదాన్ని పైకి పిలిచారు. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల గౌను కాలరు సరిచేసింది, సరిగ్గానే ఉన్నదాన్ని. ఏదో చెప్పబోయింది. ఆ మాట వదిలేసి బొత్తాం పెట్టింది. పిల్ల తల్లి మణికట్టు చూసి, "మందు రాసుకో అమ్మా" అంది. ఆ తర్వాత తనంతట తనే స్నానాలగది తలుపు దగ్గరికి నడిచింది.

"అక్కా. వెళ్తున్నా."

కుళాయి ఆగింది.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే."

"నిజంగా కడుక్కున్నావా?"

అతను ముందుకి కదిలాడు. ఇప్పుడు మొదలైతే బస్సు తప్పిపోతుంది. చిన్నది చెయ్యి అడ్డంపెట్టి అతన్ని ఆపింది. తలుపు చెక్కకి నోరు దగ్గరగా పెట్టి, బడిలో పద్యం అప్పజెప్పేటంత నెమ్మదిగా అంది.

"ఒకసారి చెప్పాను కదక్కా. ఇంక చెప్పను. నాకేం కాదు. ఏదన్నా అయినా అది నీవల్ల కాదు."

ముగ్గురూ నిలబడ్డారు. తలుపు మీద అరచెయ్యి పడుతుందని అతను భుజాలు బిగించుకున్నాడు. పడలేదు. లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ వెంటనే, ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేనంత మామూలుగా, "సరే. వెళ్ళు" అని వినబడింది.

*

బస్టాండులో పెద్దమ్మ సీటు పట్టి ఉంచింది. కిటికీ పక్కన చిన్నదాన్ని కూర్చోబెట్టి, సంచీ పైన పెట్టి, అతనికి మంచినీళ్ళ సీసా ఇచ్చి తాగమంది. చొక్కా మీద బూటు మట్టి ముద్ర చూసింది కానీ అడగలేదు. మనిషి గట్టిది, గొంతూ గట్టిదే. ఆ గట్టి గొంతు విన్నప్పుడల్లా చిన్నది ఉలికిపడి చుట్టూ చూస్తోంది.

"పెద్దమ్మా" అంది ఉన్నట్టుండి. "మీ ఇంట్లో గిన్నె కింద పడేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? సొట్ట పడుతుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, అందులోనే వండుతాం. మా ఇంట్లో సొట్ట లేని గిన్నె చూపించు, నీకు బహుమానం ఇస్తా."

చిన్నది నవ్వలేదు. ఆ మాటని ఎక్కడో జాగ్రత్తగా దాచుకుంటున్నట్టు తల ఊపింది. డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. అతను కిటికీ కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చెప్పవలసినవి చాలా ఉన్నాయనుకున్నాడు. తీరా చూస్తే, "కుట్లు విప్పేటప్పుడు నొప్పి ఉండదు" అన్నాడు.

"తెలుసు. నర్సు చెప్పింది." పిల్ల అతని అరిగిన బొటనవేలిని ఒకసారి పట్టుకుని వదిలింది. "నాన్నా, నేను ఎక్కానా లేదా అని అక్క అడుగుతుంది. ఒక్కసారే చెప్పు. నువ్వు అస్తమానం చెప్పేస్తావు."

"సరే."

"సరే అంటావు, మళ్ళీ చెప్పేస్తావు."

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా కిటికీలో ప్లాస్టరు తెల్లగా కనబడింది.

ఇంటికి వచ్చేసరికి పరదా మళ్ళీ కమ్మీకి ఎక్కింది. పెద్దది నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తల్లి కాస్త దూరంలో, తుడవడానికి తువ్వాలు పట్టుకుని, తుడవనిస్తుందో లేదోనని చూస్తోంది.

"ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా. కిటికీ పక్కన కూర్చుంది."

పెద్దది తల ఊపింది. పెదాలు కదిలాయి, నోరు మూసేసుకుంది. వేళ్ళు మడిచి మోకాళ్ళ కింద పెట్టుకుంది. అతను గోడ గడియారం వైపు చూశాడు. ముల్లు నాలుగు నిమిషాలు నడిచింది. అంతసేపు ఆ పిల్ల ఓపిక పట్టడం అతను ఎప్పుడూ చూడలేదు.

"ఎక్కిందా?"

నాలుక చివర జవాబు ఉంది. ఒక్క మాట. అంటే చాలు, ఈ సాయంత్రానికి ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. భార్య అతని మొహం వైపు చూస్తోంది.

"చెప్పాను కదమ్మా" అన్నాడు.

ఆ తర్వాత నలభై నిమిషాలు ఎలా గడిచాయో ఆ భవనంలో అందరూ విన్నారు. కిందింటాయన గరిటతోనో దేనితోనో పైకప్పు కొట్టాడు. ఎదురింటి తలుపు తెరుచుకుని మూసుకుంది. అతను రెండోసారి చెప్పలేదు. గొంతు పూర్తిగా పోయాక పెద్దది అతని మోకాలి మీద తల ఆనించింది. బయటి నుంచి వచ్చి ఇంకా మార్చుకోని ప్యాంటు అది. ఆ సంగతి దానికి తెలుసు. అయినా తల తీయలేదు. "అది నన్ను వదిలి వెళ్ళిపోయిందా?" అంది. "చదువుకోవడానికి వెళ్ళింది" అన్నాడు. పెద్దది మళ్ళీ అడగలేదు. తల్లి వచ్చి మెల్లగా జుట్టు తుడిచింది. తుడవనిచ్చింది. అలాగే నిద్రపోయింది.

బయట ఇంకా వెలుగు పూర్తిగా పోలేదు. భార్య అన్నం పెడతానంది. వస్తానన్నాడు. లోపలి గదిలో రెండు మంచాలు. చిన్నదాని మంచం మీద దుప్పటి అంచుకి అంచు కలిపి మడత పెట్టి ఉంది, తొమ్మిదేళ్ళ పిల్ల పెట్టే మడత కాదు. ఉతకడానికి తీద్దామని తలగడ గలీబు లాగాడు.

తలగడకీ గలీబుకీ మధ్య నుంచి రెండు దూది ఉండలు పరుపు మీద పడ్డాయి. ఒక్కోటీ చెవి రంధ్రమంత సన్నగా నలిపి నలిపి గట్టిపడినవి, చాలా రోజులు వాడి మాసినవి, ఒకదాని కొసకి సన్నని వెంట్రుక ఒకటి ఇంకా అంటుకుని ఉంది.